ఎడిటింగ్‌కీ గేములకీ ఒకే పీసీ: ఏ పార్టు ఎలా ఎంచుకోవాలి

"పీసీ బిల్డ్ చేద్దామనుకుంటున్నా, ఏ గ్రాఫిక్స్ కార్డ్ తీసుకోమంటారు?" అని ఎవరైనా అడిగితే నేను తిరిగి అడిగేది ఒకటే: "మీరు షూట్ చేసేది ఏ కెమెరాతో?" చాలామంది తెల్లమొహం వేస్తారు. కార్డు గురించి అడిగితే కెమెరా ఊసెందుకని. కానీ గేములకీ వీడియో ఎడిటింగ్‌కీ కలిపి ఒకే మెషీన్ కావాలంటే పార్టుల ఎంపిక మొదలవ్వాల్సింది అక్కడే. గేమ్ ఎవరి పీసీలో ఆడినా అదే గేమ్. ఫుటేజ్ అలా కాదు, ఎవరి కెమెరా ఫైలు వాళ్లది. ఆ ఫైల్లో ఏముందో చూడకుండా కొంటే ఎంత ఖరీదైన ప్రాసెసరైనా టైమ్‌లైన్ (ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లో క్లిప్పులు పేర్చే పట్టీ) మీద నత్తనడక నడవచ్చు.

అందుకని డబ్బు బయటికి తీసే ముందు రెండు పనులు చేయండి. ఫుటేజ్ చూడండి, మానిటర్ సంగతి తేల్చుకోండి. ఈ రెండూ అయ్యాక మిగతా పార్టుల్లో సగం వాటంతటవే తేలిపోతాయి.

1. ముందు మీ ఫైలు తెరిచి చూడండి

మీడియాఇన్ఫో అని ఒక ఉచిత ప్రోగ్రామ్ ఉంది. ఇప్పుడున్న కంప్యూటర్లోనే వేసుకుని, ఈమధ్య మీరు ఎడిట్ చేసిన క్లిప్పు ఒకటి దాని మీదికి లాగి వదలండి. వ్యూ మెనూలో టెక్స్ట్ ఎంచుకుంటే పొడుగ్గా ఒక జాబితా వస్తుంది. వీడియో అన్న మాట కింద మీకు కావాల్సినవి మూడే లైన్లు: ఫార్మాట్, క్రోమా సబ్‌శాంప్లింగ్, బిట్ డెప్త్. ఫార్మాట్ దగ్గర ఏవీసీ అని ఉంటే అది హెచ్.264, హెచ్‌ఈవీసీ అని ఉంటే హెచ్.265. రెండూ వీడియోని కుదించే పద్ధతులే. క్రోమా దగ్గర (ఫైల్లో రంగుల వివరం ఎంత ఉంచారో చెప్పేది) 4:2:0 గానీ 4:2:2 గానీ కనిపిస్తుంది. బిట్ డెప్త్ (ఎన్ని రంగు ఛాయలు పడతాయో చెప్పే అంకె) 8 లేదా 10. ఈ మూడూ ఒక కాగితం మీద రాసుకోండి.

టైమ్‌లైన్ ఆగి ఆగి నడుస్తుంటే చాలామంది డిస్క్ స్లో అనుకుంటారు. ఒకసారి లెక్క వేద్దాం. 4కే క్లిప్పు సెకనుకు 100 మెగాబిట్లు అనుకోండి. ఎనిమిదితో భాగిస్తే 12.5 మెగాబైట్లు. ఓ మోస్తరు హార్డ్ డిస్క్ కూడా సెకనుకు 100 మెగాబైట్లు దాటి ఇవ్వగలదు. అంటే సరుకు అందడంలో లోటు లేదు, మూట విప్పడంలోనే ఆలస్యం.

హెచ్.264, హెచ్.265 ఫైళ్లలో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు. అక్కడక్కడా ఒక పూర్తి బొమ్మ ఉంటుంది. మధ్యలోవన్నీ "పక్క ఫ్రేముకీ నాకూ తేడా ఇదీ" అని రాసుకున్న చీటీల్లాంటివి. వరసగా ప్లే చేస్తే ఇబ్బంది తెలియదు. ప్లేహెడ్‌ని (టైమ్‌లైన్ మీద మనం ఎక్కడున్నామో చూపే గీత) వెనక్కి లాగారా, మెషీన్ వెనకున్న పూర్తి బొమ్మ దగ్గరికి పోయి, అక్కణ్నుంచి చీటీలన్నీ చదువుకుంటూ రావాలి. ఎడిటింగ్ అంటేనే ముందుకీ వెనక్కీ లాగడం కదా. ఈ పని కోసమే ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ భాగంలోనూ విడి గ్రాఫిక్స్ కార్డులోనూ డీకోడర్ అని ఒకటి ఉంటుంది. మీ ఫైలు రకం దానికి వస్తే పని సాఫీగా సాగుతుంది. రాకపోతే బరువంతా ప్రాసెసర్ కోర్ల నెత్తిన పడుతుంది.

8 బిట్ 4:2:0 అయితే ఇప్పుడు దొరికే ఏ కార్డయినా విప్పేస్తుంది. ఫోన్లు తీసే 10 బిట్ 4:2:0 హెచ్.265తోనూ గొడవ లేదు. చిక్కంతా మిర్రర్‌లెస్ కెమెరాలు ఇచ్చే 10 బిట్ 4:2:2 దగ్గరే. హెచ్.265లో దీన్ని ఇంటెల్ ప్రాసెసర్లలోని డీకోడర్ అయిన క్విక్‌సింక్ 11వ తరం ప్రాసెసర్ల నుంచీ విప్పుతోంది. ఎన్విడియా కార్డులకు ఈ విద్య 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తో గానీ అబ్బలేదు. అంతకుముందు తరంలో పెద్దన్న 4090కి కూడా ఇది రాదు. హెచ్.264లో 10 బిట్ 4:2:2 అయితే మరీ ఇరుకు: ఇంటెల్ 14వ తరం దాకా క్విక్‌సింక్ దాన్ని ముట్టుకోదు, 50 సిరీస్ మాత్రం విప్పుతుంది. మీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కూడా కొత్త వెర్షన్ అయితేనే ఈ సౌకర్యం అందుతుంది, ఆ సంగతి మరవకండి.

మధ్యలో ఒక మాట. మీరు వారానికో చిన్న వీడియో చేసేవాళ్లయితే కొత్త పీసీ అక్కర్లేకుండానే గడిచిపోవచ్చు. ప్రాక్సీలు చేసుకోండి. అంటే ఎడిటింగ్ కోసం చిన్న సైజు నకళ్లు తయారుచేసుకుని, ఎక్స్‌పోర్ట్ వేళకు అసలు ఫైళ్లకు మారడం. ప్రీమియర్‌లోనూ డావిన్చీ రిజాల్వ్‌లోనూ ఆ ఏర్పాటు ఉంది. ఒక రాత్రి ప్రాక్సీలు తయారుకానిచ్చి, పొద్దున్నే టైమ్‌లైన్ లాగి చూడండి. హాయిగా కదిలితే ఆ డబ్బు లెన్సుకు పెట్టుకోవచ్చు.

2. మానిటర్ తేల్చుకోండి

గేమింగ్ వైపు లెక్క మానిటర్‌తోనే మొదలవుతుంది. 1080పీ తెర మీద సుమారు 20.7 లక్షల పిక్సెళ్లు, 1440పీ మీద 36.9 లక్షలు, 4కే మీద 83 లక్షలు. 1080పీకి 4కే సరిగ్గా నాలుగింతలు. పిక్సెళ్లు పెరిగే కొద్దీ పని గ్రాఫిక్స్ కార్డు మీదికి జరుగుతుంది. తక్కువ రిజల్యూషన్‌లో 240 హెర్ట్జ్ (తెర సెకనుకు ఎన్నిసార్లు మారుతుందన్న లెక్క) కోసం పరుగెత్తితే ప్రాసెసర్ అడ్డం పడుతుంది. కాబట్టి "గేమింగ్‌కి ఏ ప్రాసెసర్ మంచిది" అనే ప్రశ్నకు మానిటర్ తెలియకుండా జవాబు లేదు.

రెండు పనులూ చేసేవాళ్లకు 27 అంగుళాల 1440పీ తెర, 144 హెర్ట్జ్ లేదా ఆపైన, ఐపీఎస్ ప్యానెల్, ఎస్ఆర్‌జీబీ రంగులు పూర్తిగా చూపేది: నా ఓటు దీనికే. 4కే వీడియో డెలివరీ చేసేవాళ్లకు 4కే తెర సుఖమే. కాకపోతే గేములు ఆడేటప్పుడు డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్ఎస్ఆర్ లాంటి అప్‌స్కేలింగ్ (తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేయడం) మీద ఆధారపడక తప్పదు. అది నామోషీ ఏమీ కాదు.

3. ప్రాసెసర్

ఇప్పుడు కాగితం ముందు పెట్టుకోండి.

హెచ్.265 10 బిట్ 4:2:2 అని రాసి ఉండి, 50 సిరీస్ కార్డు కొనే ఆలోచన లేకపోతే, ఇంటెల్ వైపు వెళ్లండి. కోర్ అల్ట్రా 7 265కే లాంటిది 20 కోర్లతో ఎడిటింగ్‌ని బాగా లాగుతుంది, క్విక్‌సింక్ తోడుంటుంది. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది: ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ అక్షరం ఉంటే అందులో గ్రాఫిక్స్ భాగం పనిచేయదు. గ్రాఫిక్స్ లేకపోతే క్విక్‌సింకూ లేదు. ధర కాస్త తక్కువ కాబట్టి గేమింగ్ బిల్డుల్లో ఎఫ్ మోడళ్లే కనిపిస్తాయి. ఎడిటింగ్ చేసేవాళ్లు ఆ చిన్న పొదుపు కోసం పోకూడదు.

మిగతా అందరికీ ఏఎమ్‌డీ ఏఎమ్5 సాకెట్ (మదర్‌బోర్డ్ మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) నాకు నచ్చుతుంది. 2022లో వచ్చిన ఈ సాకెట్‌కి కనీసం 2027 దాకా సపోర్ట్ ఉంటుందని ఏఎమ్‌డీ చెప్పింది. రేపు బోర్డు అలాగే ఉంచి ప్రాసెసర్ ఒక్కటే మార్చుకునే వీలుంటుంది. ఇందులో మళ్లీ రెండు దారులు. పేరు చివర ఎక్స్3డీ ఉన్నవాటిలో అదనంగా క్యాష్ మెమరీ పేర్చి ఉంటుంది. రైజెన్ 7 9800ఎక్స్3డీలో ఎల్3 క్యాష్ 96 మెగాబైట్లు. గేములకు అది అమృతం. ఎడిటింగ్‌కి ఆ క్యాష్‌తో పెద్దగా పని లేదు, అక్కడ కోర్లు కావాలి, ఇందులో ఉన్నవి 8. రోజులో ఎక్కువ సేపు ఎడిటింగే అయితే 12 కోర్ల 9900ఎక్స్ మేలు. రెండూ వదులుకోలేనివాళ్ల కోసం 16 కోర్ల 9950ఎక్స్3డీ ఉంది. కానీ ఆ తేడా డబ్బుతో గ్రాఫిక్స్ కార్డు ఒక మెట్టు పైకి ఎక్కుతుందంటే నేను కార్డుకే పెడతాను.

సెకండ్‌హ్యాండ్‌లో ఇంటెల్ 13, 14వ తరం పెద్ద ప్రాసెసర్లు చౌకగా కనిపిస్తాయి. వాటికి అవసరానికి మించిన వోల్టేజ్ అందడం వల్ల లోపల పాడై, గేములు క్రాష్ కావడం అప్పట్లో పెద్ద గొడవ. 2024 ఆగస్టులో ఇంటెల్ మైక్రోకోడ్ అప్‌డేట్ ఇచ్చింది, వారంటీ రెండేళ్లు పొడిగించింది. అయితే అప్పటికే జరిగిన నష్టాన్ని అప్‌డేట్ వెనక్కి తీసుకురాదు. పాత ఓనరు ఆ అప్‌డేట్ ఎప్పుడు వేశాడో మనకెలా తెలుస్తుంది?

4. గ్రాఫిక్స్ కార్డ్

బడ్జెట్‌లో పెద్ద ముద్ద దీనికే. రిజాల్వ్ వాడేవాళ్లకయితే మరీను, కలర్ గ్రేడింగ్ అంతా కార్డు మీదే నడుస్తుంది. ప్రీమియర్‌కి కార్డు, ప్రాసెసర్ రెండూ కావాలి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌కి కార్డు కన్నా ర్యామ్, ఒక్కో కోర్ వేగం ముఖ్యం.

కార్డు పేరు కన్నా ముందు వీర్యామ్ (కార్డులోని సొంత మెమరీ) చూడండి. రిజాల్వ్‌లో 4కే టైమ్‌లైన్ పెట్టి, ఒక చీకటి షాట్ మీద నాయిస్ రిడక్షన్ వేసి, దాని మీద ఫ్యూజన్ (రిజాల్వ్‌లోని ఎఫెక్టుల విభాగం) టైటిల్ ఒకటి పెట్టి ప్లే నొక్కండి. 8 జీబీ కార్డు మీద "జీపీయూ మెమరీ నిండిపోయింది" అన్న అర్థం వచ్చే ఎర్రర్ పలకరించే వేళ అదే. ఎఫెక్ట్ ఎంత స్లోగా నడిచినా ఓర్చుకోవచ్చు, మెమరీ చాలకపోతే అసలు నడవదు. గేములదీ అదే దారి. కొత్త గేముల్లో టెక్స్‌చర్లు హైలో పెడితే 1440పీలోనే 8 జీబీ ఇరుకైపోతోంది. 12 జీబీ కనీసం, 16 ఉంటే నిశ్చింత.

ఒకే పేరుతో రెండు సరుకులు ఉంటాయి, జాగ్రత్త. ఆర్‌టీఎక్స్ 5060 టీఐ 8 జీబీలోనూ వస్తుంది, 16 జీబీలోనూ వస్తుంది. డబ్బా మీద పేరు అదే, అంకె చిన్నగా మూలన ఉంటుంది. ఎడిటింగ్‌కి ఆ 16 జీబీ కార్డు మంచి మొదటి మెట్టు. 5070లో 12 జీబీ, 5070 టీఐలో 16. గేమింగ్ ఒక్కటే అయితే ఏఎమ్‌డీ కార్డులు పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తాయి. నాకు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో, ప్లగిన్లలో ఎన్విడియా సొంత ఏర్పాటైన CUDA వాడే అలవాటు పాతుకుపోయినట్టు కనిపిస్తుంది. అందుకే రెండు పనులున్న మెషీన్‌కి ఎన్విడియా అంటున్నాను, అభిమానంతో కాదు.

కొనేముందు కార్డు పొడవు మిల్లీమీటర్లలో రాసుకోండి, క్యాబినెట్ దగ్గర అవసరమొస్తుంది.

5. ర్యామ్

32 జీబీ కనీసం. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ ఉంటే, లేదా ప్రీమియర్‌తో పాటు బ్రౌజర్లో నలభై ట్యాబులు తెరిచి ఉంచే అలవాటుంటే (నాకుంది) 64. ఏఐ డేటా సెంటర్లకు మెమరీ తరలిపోయి 2025 చివర్లో ర్యామ్ ధరలు బాగా ఎగబాకాయి. అలాంటప్పుడు "ఇప్పుడు రెండు స్టిక్కులు, తర్వాత ఇంకో రెండు" అనుకోవడం సహజం. డీడీఆర్5తో ఆ పథకం సరిగా పారదు. నాలుగు స్టిక్కులు పెడితే వేగం బాగా తగ్గించుకుంటే గానీ చాలా సిస్టమ్‌లు స్థిరంగా నడవవు. ఎంత కావాలో ముందే తేల్చుకుని రెండు స్టిక్కుల కిట్‌గా కొనండి. ఏఎమ్5కి 6000 వేగం సరిపోతుంది.

నాలుగు స్లాట్లుంటే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోదాంట్లో, నాలుగోదాంట్లో పెట్టాలి. బోర్డు మీద ఏ2, బీ2 అని రాసి ఉంటుంది. తర్వాత బయోస్‌లోకి (మదర్‌బోర్డ్ సెట్టింగుల తెర) వెళ్లి, ర్యామ్‌ని దాని అసలు వేగంతో నడిపే ఎక్స్‌పో (ఇంటెల్ అయితే ఎక్స్ఎంపీ) ఆన్ చేయాలి. ఇది చేయకపోతే 6000 ర్యామ్ 4800 దగ్గరే నడుస్తుంటుంది, ఎవరూ వచ్చి చెప్పరు. నా స్నేహితుడొకడు ఆరు నెలలు అలాగే నడిపాడు. ఒకరోజు టాస్క్ మేనేజర్లో ఆ అంకె నేను చూపిస్తే పది నిమిషాలు నాతో మాట్లాడలేదు.

6. స్టోరేజ్

విండోస్, ప్రోగ్రాములు, గేములు ఒక ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీలో (బోర్డు మీదే నేరుగా బిగించే వేగమైన డ్రైవ్). నడుస్తున్న ప్రాజెక్టు ఫుటేజ్, క్యాష్ ఫైళ్లు ఇంకో ఎన్‌వీఎంఈలో. అయిపోయిన ప్రాజెక్టులు పెద్ద హార్డ్ డిస్కులో, దాని నకలు ఇంకోచోట. సెకనుకు 100 మెగాబిట్ల ఫుటేజ్ గంటకు 45 జీబీ. మీరు నెలకు ఎన్ని గంటలు తీస్తారో దాన్నిబట్టి సైజు లెక్క కట్టుకోండి.

సెకనుకు 7,000 మెగాబైట్లిచ్చే జెన్4 డ్రైవ్ ఈ పనులకు ఎక్కువే. జెన్5 మీద డబ్బు తగలేయకండి. అంతకన్నా చూడాల్సింది ఫ్లాష్ రకం. ఒక్కో సెల్‌లో నాలుగు బిట్లు కుక్కే చౌక క్యూఎల్‌సీ డ్రైవ్ గేములకు బాగుంటుంది. కానీ మెమరీ కార్డుల నుంచి ఒకేసారి వందల జీబీ కుమ్మరించినప్పుడు, మొదట్లో ఆదుకున్న క్యాష్ నిండిపోయి వేగం ఒక్కసారిగా పడిపోతుంది. కాపీ విండోలో ఆ గీత గోడ దూకినట్టు కిందికి దిగడం మీరే చూస్తారు. ఫుటేజ్ డ్రైవ్‌కి సెల్‌కి మూడు బిట్లే పెట్టే టీఎల్‌సీ అడగండి.

7. మదర్‌బోర్డ్

లైట్లు, బొమ్మలు చూసి కాదు, మాన్యువల్ చూసి కొనండి. తయారీదారు సైట్లో పీడీఎఫ్ ఉంటుంది. ఎం.2 స్లాట్ల (ఎన్‌వీఎంఈ డ్రైవులు బిగించే చోట్లు) పేజీ తీసి కింద చిన్న అక్షరాల్లో ఉన్న గమనికలు చదవండి. "ఈ స్లాట్‌లో డ్రైవ్ పెడితే గ్రాఫిక్స్ స్లాట్ సగం వేగానికి తగ్గుతుంది" అనో, "ఫలానా సాటా పోర్టులు పనిచేయవు" అనో కొన్ని బోర్డుల్లో ఉంటుంది. మూడు డ్రైవులు పెట్టేవాళ్లకు ఆ ఒక్క లైన్ బోర్డు రంగు కన్నా ముఖ్యం. బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటే మంచిది. ప్రాసెసర్ బోర్డు కన్నా కొత్తదైతే, పెన్ డ్రైవ్‌తోనే బయోస్ అప్‌డేట్ చేసి గట్టెక్కవచ్చు.

8. ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై)

లెక్క తేలిక. 5070 టీఐ 300 వాట్లు, 9950ఎక్స్3డీ పూర్తి లోడ్‌లో 200 పైచిలుకు, మిగతా సామగ్రికి ఓ వంద. మొత్తం 600 పైచిలుకు. కార్డులు క్షణకాలం మామూలు కన్నా చాలా ఎక్కువ లాగుతాయి కాబట్టి 850 వాట్లు తీసుకోండి. చిన్న బిల్డుకు 650 చాలు. 80 ప్లస్ గోల్డ్ అన్నది కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెప్పే ముద్ర, నాణ్యతకు హామీ కాదు. ఏటీఎక్స్ 3.0 లేదా 3.1 ప్రమాణం, పొడవైన వారంటీ చూడండి.

ఇక్కడ నా చేతులు కాల్చుకున్న కథ ఒకటి చెప్పాలి. పాత మాడ్యులర్ (కేబుళ్లు విడిగా గుచ్చే రకం) ఎస్ఎంపీఎస్ తీసి కొత్తది పెట్టాను. క్యాబినెట్ వెనక కేబుళ్లన్నీ ముచ్చటగా కట్టి ఉన్నాయి, మళ్లీ ఎవడు విప్పుతాడని పాత సాటా కేబుల్ని అలాగే ఉంచి కొత్త ఎస్ఎంపీఎస్‌లో గుచ్చాను. ఖచ్చితంగా పట్టింది. స్విచ్ వేశాను. చిన్న టప్ మన్న శబ్దం, కాలిన వాసన, రెండు డ్రైవులు పోయాయి. డ్రైవ్ వైపు కనెక్టర్ అందరిదీ ఒకటే, ఎస్ఎంపీఎస్ వైపు పిన్నుల వరస మాత్రం కంపెనీకొకటి. కొన్నిసార్లు ఒకే కంపెనీలో మోడల్‌కొకటి. 12 వోల్టులు వెళ్లకూడని చోటికి వెళ్లాయన్నమాట. ఎస్ఎంపీఎస్ మారిస్తే కేబుళ్లన్నీ మార్చండి, ఒక్కటి కూడా ఉంచుకోకండి.

గ్రాఫిక్స్ కార్డుకు 16 పిన్నుల కనెక్టర్ ఉంటే క్లిక్ మనేదాకా నొక్కండి. వేలితో తడిమి, మధ్యలో సందు లేదని చూసుకోండి. 4090 కార్డుల్లో కనెక్టర్లు కరగడానికి ఎన్విడియా చెప్పిన ముఖ్య కారణం, అవి పూర్తిగా లోపలికి దిగకపోవడమే.

9. చల్లదనం, క్యాబినెట్

ముందు భాగం జాలీ ఉన్న క్యాబినెట్, లోపలికి రెండు ఫ్యాన్లు, బయటికి ఒకటి. ముందు గాజు పలక అందంగా ఉంటుంది, గాలికి దారి ఉండదు. రాసిపెట్టుకున్న కార్డు పొడవు, కూలర్ ఎత్తు రెండూ క్యాబినెట్ కొలతల్లో పడుతున్నాయో లేదో చూడండి. 8, 12 కోర్ల దాకా మంచి టవర్ కూలర్ చాలు. గంటలకొద్దీ ఎక్స్‌పోర్టులు నడిపే 16 కోర్లకు 360 మిల్లీమీటర్ల లిక్విడ్ కూలర్ పెట్టుకోవచ్చు.

10. మొదటిసారి స్విచ్ వేసినప్పుడు

తెర నల్లగా ఉంటుంది. ఫ్యాన్లు తిరుగుతుంటాయి. గుండె జారుతుంది. ఏమీ చేయకండి, కూర్చోండి. డీడీఆర్5 బోర్డులు మొదటిసారి ర్యామ్‌ని పరీక్షించి సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటాయి. ఆ సమయంలో పవర్ తీసేసి "బోర్డు పాడైంది" అని తిరిగిచ్చినవాళ్లు ఉన్నారు. పది, పదిహేను నిమిషాలైనా బొమ్మ రాకపోతే అప్పుడు మానిటర్ కేబుల్ చూడండి. అది మదర్‌బోర్డ్‌కి కాదు, కిందున్న గ్రాఫిక్స్ కార్డుకు ఉండాలి. విండోస్ వచ్చాక డిస్‌ప్లే సెట్టింగుల్లో రిఫ్రెష్ రేట్ 60 దగ్గర ఉండిపోయిందేమో చూసి పెంచండి.

ఆ తర్వాత కాగితం మీద రాసిన అదే క్లిప్పును టైమ్‌లైన్ మీద వేసి ప్లేహెడ్‌ని ముందుకీ వెనక్కీ లాగండి. టాస్క్ మేనేజర్లో గ్రాఫిక్స్ పేజీ తెరిచి ఉంచితే వీడియో డీకోడ్ గీత లేస్తూ కనిపించాలి. అది పడుకుని ఉండి ప్రాసెసర్ మాత్రం 100 దగ్గర ఆయాసపడుతుంటే సాఫ్ట్‌వేర్ ప్రిఫరెన్సుల్లో హార్డ్‌వేర్ డీకోడింగ్ ఆన్ చేయలేదన్నమాట. ఒక గంట ఎక్స్‌పోర్ట్, ఒక గంట బరువైన గేమ్, రెండూ క్రాష్ కాకుండా నడిస్తే అప్పుడు పక్క ప్యానెల్ బిగించండి. డబ్బాలు మాత్రం రిటర్న్ గడువు దాటేదాకా పారేయకండి.